థ్రాటిల్ నొక్కితే ఎడమకు లాగుతోంది: కిట్ కట్టడంలో ఎక్కడ తప్పు చేశాను?

కొత్త_చక్రం:

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నా. తప్పు ఎక్కడుందో తెలిస్తే రెండు ముక్కల్లో అడిగేవాణ్ణి. తెలియడం లేదు కాబట్టి చేసినవన్నీ వరసగా చెప్పుకుపోతాను.

నాది రిమోట్‌తో నడిపే 1/10 సైజు టూ వీల్ డ్రైవ్ ఎలక్ట్రిక్ బగ్గీ, మోటారు వెనక ఇరుసుకి ముందుండే రకం. పూర్తి కిట్. ఇంతకుముందు కట్టేసి అమ్మే బండి ఒకటి మూడేళ్లు నడిపాను. విరిగితే పార్టు మార్చడమే తప్ప ఆ పార్టు అక్కడ ఏం పని చేస్తోందో ఎప్పుడూ పట్టించుకోలేదు. అందుకే ఈసారి పట్టుబట్టి కిట్ తీసుకున్నా. పెట్టె తెరిస్తే బండి ఆనవాలే లేదు. అక్షరాలు వేసిన ప్లాస్టిక్ సంచులు, ఒక అల్యూమినియం ఛాసిస్ పలక, రంగు వెయ్యని పాలికార్బొనేట్ బాడీ, లావుపాటి మాన్యువల్. మోటారు 17.5 టర్న్ సెన్సర్డ్ (లోపల సెన్సర్ ఉన్న) బ్రష్‌లెస్, బ్యాటరీ 2ఎస్ షార్టీ లైపో (రెండు సెల్లుల పొట్టి లిథియం బ్యాటరీ), ఇవీ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది), సర్వో (ముందు చక్రాలని తిప్పేది), రిసీవరూ విడిగా కొన్నవి.

పదకొండు రాత్రులు పట్టింది. మా పాప నిద్రపోయాక తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పదకొండు దాకా. సాయంత్రాలు మాత్రం తనే సంచి విప్పి స్క్రూలన్నీ పొడవుల వారీగా ఐస్ ట్రే గుంటల్లో సర్దేది. మాన్యువల్లో స్క్రూ బొమ్మ అసలు సైజులోనే వేసి ఉంటుంది కదా, దాని మీద పెట్టి కొలిచి మరీ వేసేది. ఆ ట్రే పుణ్యమా అని ఒక్క స్క్రూ కూడా తప్పు చోట పడలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను తొందరపడి కట్టలేదు. ప్రతి సంచీ పూర్తయ్యాక ఫోటో కూడా తీసి పెట్టుకున్నా.

ఇప్పుడు అసలు బాధలు. మూడున్నాయి.

ఒకటి, వెనక కుడి ఆర్మ్, అంటే చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే చెయ్యి. షాక్ అబ్జార్బర్ ఊడదీసి ఆర్మ్‌ని పైకెత్తి వదిలితే మిగతా మూడూ వాటంతట అవే పడిపోతున్నాయి. ఇది మాత్రం సగంలో ఆగిపోతుంది. వేలితో తోస్తేనే కిందికి దిగుతుంది. ఆర్మ్‌కి కీలులా ఉండే హింజ్ పిన్ను అద్దం మీద దొర్లించి చూశా, వంకర లేదు. ఆర్మ్ బెజ్జం కొంచెం పెద్దది చేద్దామని 3 మి.మీ. డ్రిల్ బిట్ చేతిలోకి తీసుకున్నా, ఎందుకో మనసొప్పక పక్కన పెట్టాను.

రెండు, బాల్ డిఫ్, అంటే రెండు వెనక చక్రాలకీ బలం పంచే బంతుల డిఫరెన్షియల్. కట్టిన రోజు వెన్నలా తిరిగింది. రెండు బ్యాటరీలు నడిపేసరికి చేతితో తిప్పితే ఇసుక నలిగినట్టు కరకరమంటోంది. నిలబడ్డ చోటు నుంచి గట్టిగా థ్రాటిల్ ఇస్తే వెనక నుంచి ఒక్కసారి 'కుర్ర్' మని అరుస్తుంది.

మూడు, ఇదే నన్ను నిద్రపోనివ్వనిది. థ్రాటిల్ నొక్కితే బండి ఎడమకు లాగుతోంది. వదిలేస్తే నేరుగా పోతుంది. స్టీరింగ్ ట్రిమ్ (రిమోట్ మీద ఉండే నడిమి సర్దుబాటు) కుడికి వేస్తే నొక్కినప్పుడు నేరుగా పోతుంది గానీ వదిలినప్పుడు కుడికి తిరుగుతుంది. అంటే ట్రిమ్‌తో తీరే సమస్య కాదని నాకూ అర్థమైంది. సర్వో కరెంటు ఇచ్చి నడిమికి తెచ్చాకే దాని హార్న్ (తిరిగే చిన్న చెయ్యి) ఎక్కించాను. ముందు చక్రాల టర్న్‌బకిల్స్ (పొడవు మార్చగల కడ్డీలు) రెండూ కాలిపర్‌తో కొలిచి సమానం చేశాను. రైడ్ హైటు (నేల నుంచి ఛాసిస్ ఎత్తు) ముందూ వెనకా 22 మి.మీ.

వెనక కుడి షాక్ పాడైందేమో, అందుకే లాగుతోందేమో అని అనుమానం. షాకులన్నీ మళ్లీ విప్పి నూనె మార్చమంటారా? ఆర్మ్ బెజ్జం పెద్దది చెయ్యమంటారా? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.


ట్రాక్_అంచున:

విప్పే ముందు విప్పకుండా చేసేవి రెండున్నాయి.

వెనక చక్రాలు రెండూ అటుదిటు ఇటుదటు మార్చి నడపండి. లాగడం కుడికి మారితే టైరే దోషి. లోపల ఫోమ్ సరిగ్గా కూర్చోకపోయినా, గ్లూ ఒక పక్క ఊడినా అచ్చం ఇలాగే లాగుతుంది. మారకపోతే టైర్లను ఇక మర్చిపోవచ్చు.

రెండోది, బ్రేకు. వేగంగా పోతున్నప్పుడు బ్రేకు వేస్తే ఎటు పోతోంది? మీరు రాయలేదు. థ్రాటిల్‌కి ఎడమ, బ్రేకుకి నేరుగా అయితే దోషం వెనకే ఉందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. నొక్కినప్పుడు బరువంతా వెనక చక్రాల మీదికి పోయి ముందువి తేలికవుతాయి కాబట్టి, ఆ క్షణంలో బండిని నడిపించేది వెనక జతే.

షాకులు విప్పకుండానే పోల్చొచ్చు. వెనకవి రెండూ ఊడదీసి, అడుగు కొసలు ఒకదానికొకటి ఆనించి, రెండు చేతులతో ఎదురెదురుగా నొక్కండి. రెండూ సమానంగా లోపలికి పోవాలి. ఒకటి ముందే మునిగిపోతుంటే అందులో నూనె తక్కువో గాలి ఎక్కువో. ఆ తర్వాత రంధ్రం నుంచి రంధ్రానికి పొడవు కొలవండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా ప్లాస్టిక్ కొసని తిప్పి సరిచేయండి.


ఆరుముఖాల_కీ:

ఆ డ్రిల్ బిట్ పక్కన పెట్టారు చూడండి, అది మంచి పని. మళ్లీ చేతిలోకి తీసుకోకండి.

నేను బ్రష్ మోటార్లూ నికెల్ కాడ్మియం బ్యాటరీల రోజుల నుంచీ కడుతున్నాను. ఇప్పటికి ఎన్ని కిట్లు కట్టానో లెక్క లేదు గానీ, ఎక్కడైనా ఏదైనా పట్టేస్తే ఇప్పటికీ మొదట చేసే పని ఒక్కటే. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంటాను. అచ్చులోంచి వచ్చిన నాలుగు ఆర్మ్‌లలో మూడు స్వేచ్ఛగా పడుతూ ఒక్కటి పట్టేస్తోందంటే, తప్పు ఆ ఆర్మ్‌లోనే ఉండటానికి అవకాశం తక్కువ. దాన్ని పట్టుకున్నవి సరిగ్గా లేకపోవడానికే ఎక్కువ. బెజ్జం పెద్దది చేస్తే ఆర్మ్ పడుతుంది, నిజమే. కానీ కారణం అక్కడే ఉండిపోతుంది, పైగా ఆ చక్రానికి ఆట వచ్చేస్తుంది. తీసేసిన ప్లాస్టిక్‌ని మళ్లీ అతికించలేం.

మీ మొదటి బాధా మూడో బాధా ఒకటేనని నా అనుమానం. ఎందుకో చెబుతా.

మీ బండి వెనక ఆర్మ్‌ల హింజ్ పిన్నుల కొసలు పట్టుకోవడానికి ముందొక బ్లాకు, వెనకొక బ్లాకు ఉంటాయి. ఆ బ్లాకుల్లో చిన్న ప్లాస్టిక్ ఇన్సర్ట్‌లు దూరుతాయి. మనవాళ్లంతా పిల్స్ అంటారు, మాత్రల్లాగే ఉంటాయి. కొన్నిటికి చిల్లు నట్టనడుమ ఉంటుంది. కొన్నిటికి పక్కకి జరిగి ఉంటుంది, ఎటు జరిగిందో తెలియడానికి అంచున గుండుసూది తలంత చుక్క ఉంటుంది. ఆ చుక్కని ఎటు తిప్పి పెడితే పిన్ను అటు జరుగుతుంది. వెనక బ్లాకులో పిన్ను బయటికి జరిగితే ఆ వైపు చక్రం ముక్కు లోపలికి చూస్తుంది. అదే టో ఇన్. టూ వీల్ డ్రైవ్ బగ్గీలకి వెనక ఒక్కో వైపు మూడు డిగ్రీల దాకా టో ఇన్ ఉండటం మామూలే. థ్రాటిల్ నొక్కినప్పుడు తోక ఊగకుండా కాసేది అదే.

ఇప్పుడు కుడి పక్క పిల్ తిరగబడిందనుకోండి. పిన్ను బయటికి పోవాల్సింది లోపలికి పోతుంది. కుడి చక్రానికి టో తగ్గిపోతుంది, ఎడమదానికి ఉండాల్సినంత ఉంటుంది. ఎడమ చక్రం కుడివైపుకి చూస్తూ గట్టిగా తోస్తుంది, కుడి చక్రం దానికి ఎదురు అంత గట్టిగా తోయలేదు. దాంతో తోక కుడికి జరుగుతుంది. తోక కుడికి పోతే ముక్కు ఎటు తిరుగుతుంది? ఎడమకే. అదీ థ్రాటిల్ నొక్కినప్పుడే, ఎందుకంటే బరువు వెనక్కి వచ్చినప్పుడే ఆ చక్రాలు నేలని గట్టిగా పడతాయి. పై మిత్రుడు చెప్పింది అక్షరాలా నిజం.

ఆర్మ్ పట్టేయడం కూడా ఇందులోకే వస్తుంది. పిన్ను ఏ కోణంలో ఉండాలని ఆ రెండు పిల్స్ తయారయ్యాయో ఆ కోణంలో లేకపోతే, ఇన్సర్ట్ చిల్లు అంచు పిన్నుని ఒరుసుకుంటుంది. దేని మీదా తప్పు లేకుండా పట్టేస్తుంది.

చక్రాలు మార్చి చూడటం అయ్యాక, ఆ సంచి మాన్యువల్ పేజీ తెరిచి చుక్కలు చూడండి. మీరు ఫోటోలు తీశానన్నారుగా, బండి విప్పే ముందు ఆ ఫోటోనే పెద్దది చేసి చూడండి. పిల్స్ సరిగ్గానే ఉంటే అప్పుడు బ్లాకు స్క్రూలు ఒక్కొక్కటీ పావు చుట్టు వదులు చేసి, ఏ స్క్రూ దగ్గర ఆర్మ్ వదులవుతుందో చూడండి. బ్లాకుని అతిగా బిగించినా నలిగి పిన్నుని నొక్కుతుంది.

ఇక డిఫ్. ఇది వేరే జబ్బు, దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాకు బాల్ డిఫ్ అంటే ప్రాణం. 1980లో సెసిల్ షూమాకర్ అనే బ్రిటిష్ ఇంజినీరు ఈ ఆటబండ్ల కోసం దీన్ని తయారుచేశాడు. ఫార్ములా వన్ షూమాకర్ కాదు, ఆయనకీ ఈయనకీ సంబంధం లేదు. పళ్లున్న గేర్లు లేకుండా, రెండు నున్నటి ఉక్కు రింగుల మధ్య గుండ్రటి బంతులు పెట్టి, ఒక్క బోల్టు బిగుతుతో రెండు చక్రాలకీ బలం పంచడం ఎంత అందమైన ఆలోచనో చూడండి. బంతులు దొర్లాలి, జారకూడదు. మీకు వినిపించిన 'కుర్ర్' అదే, బంతులు దొర్లకుండా రింగు మీద జారుతున్న చప్పుడు. ఒక్కసారి జారితే అక్కడ వేడి పుడుతుంది, బంతి గుండ్రం పోతుంది, రింగు మీద గాడి పడుతుంది. ఆ తర్వాతదే మీ వేలికి తగులుతున్న ఇసుక. ఇక నడపకండి, విప్పండి.

బంతులన్నీ ఒక తెల్ల గుడ్డ మీద పోసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, వెలుతురుకి పట్టి చూడండి. ఒక్కదాని మీద మసక మచ్చ కనిపించినా మొత్తం సెట్టు మార్చేయండి. రింగుల మీద బంతి నడిచిన దారి వేలిగోరుకి గీతలా తగిలితే రింగులూ మార్చాలి. తగలకపోతే 600 నెంబరు శాండ్ పేపరు అద్దం మీద పరిచి, రింగుని ఒక వేలితో తేలిగ్గా అదిమి, ఎనిమిది అంకె గీస్తున్నట్టు ఓ ఇరవైసార్లు తిప్పండి. మెరుపు పోయి సమంగా బూడిద రంగు రావాలి. మళ్లీ కడగండి. రింగుని ఔట్‌డ్రైవ్‌కి (డిఫ్‌కి అటూ ఇటూ ఉండే కప్పులు) అంటించడానికి సిలికాన్ డిఫ్ గ్రీజు, అంటే కిట్లో వచ్చే తెల్లది, చుక్కంత చాలు. బంతులకి కూడా అదే గ్రీజు, మెరిసేటంత మాత్రమే, ముద్దగా కాదు.

ఒక చిన్న చోట అందరూ పొరపడతారు. బోల్టు తల కింద థ్రస్ట్ బేరింగ్ ఉంటుంది చూడండి, బుల్లి బంతులు, వాటికి అటూ ఇటూ వాషర్లు. దానికి ఈ తెల్ల గ్రీజు పనికిరాదు, నల్ల గ్రీజు వెయ్యాలి. కిట్లో రెండు చిన్న ట్యూబులు ఇవ్వడం అందుకే. అక్కడ ఒత్తిడి చాలా ఎక్కువ, తెల్లది నిలవదు. మీరు ఏది వేశారో గుర్తు చేసుకోండి.

బోల్టు ఒకేసారి బిగించకండి. కొంచెం బిగించి, రెండు ఔట్‌డ్రైవ్‌లూ ఎదురెదురుగా తిప్పి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ తిప్పి, అలా పోవాలి. గట్టిగా ఆగింది అనిపించినచోట చుట్టులో ఎనిమిదో వంతు వెనక్కి తిప్పి వదిలేయండి. బండిలో పెట్టాక ఒక చక్రాన్ని చేత్తో పట్టుకుని సన్నని థ్రాటిల్ మీద అర నిమిషం, రెండో చక్రాన్ని పట్టుకుని అర నిమిషం తిప్పి, మళ్లీ బిగుతు చూసుకోండి. కొత్త డిఫ్ ఒదిగాక తప్పకుండా కాస్త వదులవుతుంది. రెండు బ్యాటరీలకే మీది జారిందంటే ఈ రెండోసారి బిగించడం జరగలేదనే నా నమ్మకం.

ఆఖరి పరీక్ష: రెండు వెనక చక్రాలూ కదలకుండా గట్టిగా పట్టుకుని, స్పర్ గేర్‌ని (మోటారు తిప్పే పెద్ద గేరుని) బొటనవేలితో తిప్పడానికి చూడండి. జారితే స్లిప్పర్ క్లచ్ జారాలి, డిఫ్ జారకూడదు. స్లిప్పర్ ఉన్నదే డిఫ్‌ని కాపాడటానికి. స్లిప్పర్ అతిగా బిగిస్తే దూకి నేలకి దిగిన ప్రతిసారీ ఆ దెబ్బంతా బంతుల మీద పడుతుంది.


నూనె_డిఫ్:

బాల్ డిఫ్ గురించి పైన రాసినదాంట్లో ఒక్క అక్షరం కాదనను. కానీ కార్పెట్ మీదో కృత్రిమ గడ్డి మీదో నడిపేటట్టయితే గేర్ డిఫ్‌కి మారమనే నేను చెబుతాను. మిడ్ మోటార్ బండి అన్నారు కాబట్టి పట్టు ఎక్కువున్న ట్రాకే అనుకుంటున్నా. అక్కడ ఆ పట్టుకి బాల్ డిఫ్ ఎప్పుడూ సతాయిస్తూనే ఉంటుంది. గేర్ డిఫ్‌లో సిలికాన్ నూనె పోసి మూసేస్తే చాలా రోజులు దాన్ని తలుచుకోనక్కర్లేదు. టూ వీల్ డ్రైవ్‌కి నూనె చిక్కదనం 5000 సీఎస్‌టీ నుంచి 10000 దాకా ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు.

పట్టులేని వదులు మట్టి మీద అయితే మాత్రం బాల్ డిఫ్‌నే ఉంచుకోండి. ఆ నున్నదనం గేర్ డిఫ్‌కి రాదు.


కొత్త_చక్రం:

అందరికీ చాలా థాంక్స్. జరిగింది చెబుతాను.

సాయంత్రం చక్రాలు మార్చి నడిపా. ఏ మార్పూ లేదు, ఎడమకే. బ్రేకు వేస్తే నేరుగానే ఆగుతోంది. షాకులు ఒకదానికొకటి ఆనించి నొక్కాను, రెండూ సమానంగానే దిగాయి. పొడవులో మాత్రం 0.4 మి.మీ. తేడా ఉంది, కొస తిప్పి సరిచేశా. నా అనుమానమంతా ఆ షాక్ మీదే పెట్టుకున్నా, దాని తప్పేమీ లేదు.

తర్వాత ఫోన్‌లో ఫోటోలు తెరిచా. మూడో రాత్రి, వెనక బ్లాకు, స్క్రూలు పెట్టకముందు తీసింది. పెద్దది చేసి చూస్తే రెండు చుక్కలూ ఎడమవైపుకే చూస్తున్నాయి. రెండూ! ఎడమ పిల్‌కి చుక్క బయటికి, కుడి పిల్‌కి లోపలికి. ఆ రాత్రి ఏం చేశానో కూడా గుర్తొచ్చింది. మాన్యువల్లో పెద్దది చేసి చూపించిన బొమ్మ ఒక్క ఎడమ పిల్‌దే. దాన్ని చూసి మొదటిది పెట్టాను. రెండోదాన్నీ అలాగే పెట్టాలనుకుని అదే చూపుకి పెట్టేశాను. అద్దంలో బొమ్మలా తిరగాలని తట్టలేదు. మొత్తం బండి బొమ్మలో కుడి చుక్క కూడా ఉంది, చీమ తలంత ఉంది.

నాలుగు స్క్రూలు తీసి పిల్ తిప్పి పెట్టాను. ఆర్మ్ పైకెత్తి వదిలితే 'టక్' మని పడింది. ఆ చప్పుడు కోసం ఇంకో పదిసార్లు ఎత్తి వదిలాను.

డిఫ్ రాత్రి విప్పా. ఆరుముఖాల_కీ అక్కా, మీరన్నది నిజమే, థ్రస్ట్ బేరింగ్‌కి కూడా తెల్ల గ్రీజే వేశాను. నల్ల ట్యూబు మూత ఇంకా తియ్యనే లేదు. రెండోసారి బిగించడం కూడా చెయ్యలేదు. రింగుల మీద గీత గోరుకి తగల్లేదు, శాండ్ పేపరు మీద తిప్పాను. బంతుల్లో మూడు మసకబారాయి, సెట్టు తెప్పించాలి. నూనె_డిఫ్ గారూ, నేను నడిపేది మట్టి మీదే, అదీ పొడిగా వదులుగా ఉండేది. అందుకని బాల్ డిఫే ఉంచుకుంటాను.

బంతులు వచ్చేలోపు ఇంకొక్కటి అడగనా? పినియన్‌కీ (మోటారు షాఫ్టు మీది చిన్న గేరు) స్పర్‌కీ మధ్య ఎంత సందు ఉంచాలి? డిఫ్ విప్పడానికి మోటారు జరపాల్సి వచ్చింది. మొదటిసారి కాగితం ముక్క పెట్టి బిగించా గానీ తిప్పితే ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా అనిపించింది.


ఆరుముఖాల_కీ:

'టక్' మన్నదా! పొద్దున్నే ఈ మాట చదివి ఎంత సంతోషమేసిందో.

కాగితం పద్ధతి మంచిదే. నోట్‌బుక్ కాగితం సన్నని పట్టీ చింపి రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారుని స్పర్ వైపు నెట్టి బిగించి, గేరు తిప్పుతూ కాగితాన్ని బయటికి తీసేయాలి. కాగితం మడతలు మడతలుగా రావాలి, చిరిగి రాకూడదు. కానీ అక్కడితో అయిపోలేదు. ప్లాస్టిక్ స్పర్ ఏదీ పక్కా గుండ్రంగా ఉండదు, అందుకే మీకు ఒకచోట గట్టిగా తగిలింది. స్పర్‌ని మెల్లగా పూర్తి చుట్టు తిప్పుతూ, ప్రతి పావు చుట్టుకీ ఆపి, పినియన్‌ని కదలకుండా పట్టుకుని స్పర్‌ని వేలితో అటూ ఇటూ ఆడించి చూడండి. సన్నగా 'టిక్ టిక్' వినపడాలి. ఎక్కడ అన్నిటికంటే గట్టిగా ఉందో అక్కడ కూడా ఆ టిక్కు మిగిలేలా మోటారు స్థానం పెట్టాలి. వదులుగా ఉన్నచోటు చూసి పెడితే గట్టిగా ఉన్నచోట పళ్లు అరుగుతాయి, మోటారు కూడా వేడెక్కుతుంది.

మోటారు స్క్రూలకి నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వెయ్యండి, లోహంలోకి లోహం కాబట్టి. పినియన్ గ్రబ్ స్క్రూకి (తల లేని స్క్రూ) కూడా. అది మోటారు షాఫ్టు చదును మీదికే రావాలి, గుండ్రటి వైపు బిగిస్తే ఎంత బిగించినా జారుతుంది. అయితే ప్లాస్టిక్ పక్కకి ఆ సీసా రానివ్వకండి. కొన్ని ప్లాస్టిక్‌లని అది పెళుసుగా మార్చేస్తుంది, ఆర్మ్ విరిగిన రోజున గానీ తెలియదు.

మోటారు వైర్లు విప్పారా? విప్పితే ఎ, బి, సి గుర్తులు ఈఎస్‌సీ మీదవీ మోటారు మీదవీ ఒకటికొకటి కలిశాయో లేదో చూసుకున్నాకే కరెంటు ఇవ్వండి. సెన్సర్ లేని మోటారుకి రెండు వైర్లు తారుమారు చేస్తే వెనక్కి తిరుగుతుంది, అంతే. సెన్సర్డ్‌కి అలా చేస్తే వణుకుతూ వేడెక్కి ఏదో ఒకటి కాలిపోవచ్చు. దిశ మార్చాలంటే ఈఎస్‌సీ సెట్టింగులోనే మార్చాలి.

ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూలు తీసి పెట్టారు కదా, మళ్లీ బిగించేటప్పుడు ముందు ఎడమకి తిప్పండి. పాత మరలో పడ్డప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పితే పాత దారిలోనే పోతుంది. నేరుగా బిగిస్తే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోయి, నాలుగోసారికి స్క్రూ నిలబడదు.

బ్యాటరీ వారం రోజులు ఊరికే ఉండేటట్టయితే ఒక్కో సెల్లు 3.8 వోల్టుల దగ్గర పెట్టి ఉంచండి, నిండుగా ఉంచకండి.


ట్రాక్_అంచున:

చిన్న మాట. పిల్ మార్చారు కాబట్టి కుడి చక్రం కోణాలు అన్నీ కదిలి ఉంటాయి. వెనక క్యాంబర్ (చక్రం పైకొస లోపలికో బయటికో వాలే కోణం) మళ్లీ కొలవండి. రెండు వైపులా మైనస్ ఒక డిగ్రీ దగ్గర మొదలుపెట్టొచ్చు. బండిని ఒక అడుగు ఎత్తు నుంచి వదిలి, సస్పెన్షన్ కుదురుకున్నాక కొలవాలి, ఎత్తి పట్టుకుని కాదు. అంతకుముందు వేసిన స్టీరింగ్ ట్రిమ్ కూడా సున్నాకి తెచ్చాకే నడపండి, లేదంటే ఇప్పుడు కుడికి లాగుతోందని మళ్లీ రాస్తారు.


కొత్త_చక్రం:

బంతులు వచ్చాయి, డిఫ్ మళ్లీ కట్టాను. ఈసారి నల్ల గ్రీజు థ్రస్ట్ బేరింగ్‌కే. ఒక చక్రం అర నిమిషం, రెండో చక్రం అర నిమిషం తిప్పి, విప్పకుండానే బోల్టు చూస్తే అక్షరాలా చుట్టులో ఎనిమిదో వంతు వదులైంది. బిగించాను. చక్రాలు రెండూ పట్టుకుని స్పర్ తిప్పితే స్లిప్పరే జారింది.

స్పర్ గేరుకి మార్కర్‌తో నాలుగు గీతలు పెట్టుకుని ఒక్కోచోట టిక్కు విన్నాను. మూడో గీత దగ్గరే గట్టిగా ఉంది, దాన్ని బట్టే మోటారు పెట్టాను. ట్రిమ్ సున్నా. క్యాంబర్ కొలిస్తే కుడి వెనక మైనస్ రెండున్నర ఉంది, టర్న్‌బకిల్ తిప్పి ఒకటికి తెచ్చాను.

ఈ పొద్దున ట్రాక్ మీద ఇంకెవరూ లేరు. పొడవైన వైపు మధ్యలో మట్టి మీద కాలితో ఒక గీత గీశాను. బండిని గీత మీద పెట్టి పూర్తి థ్రాటిల్ ఇచ్చాను. చివరి మలుపు దాకా పోయింది, స్టీరింగ్ చక్రం ముట్టుకోలేదు. వెళ్లి చూస్తే టైరు గుర్తులు నా గీతకి అటూ ఇటూ సమానంగా ఉన్నాయి. నాలుగు బ్యాటరీలు అయిపోయాయి, 'కుర్ర్' ఒక్కసారి కూడా వినపడలేదు. ఇంటికొచ్చి చక్రం తిప్పి చూశా, కట్టిన రోజులాగే ఉంది.

బాడీకి ఇంకా రంగు వెయ్యలేదు. పాప నారింజ కావాలంటోంది, కిటికీల మాస్కులు తనే అంటిస్తానంది. రంగు లోపలి వైపు వెయ్యాలి కాబట్టి ముందు ముదురు గీతలా, ముందు నారింజా అన్నది రేపు వేరే పోస్టులో అడుగుతాను.